ప్రాణహిత లోయ శిలాజముల కథ

హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో 44 అడుగుల పొడవుగల రాక్షసబల్లి అస్థిపంజరము నిలిచియున్నది. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఆ పేరులోని రెండు మాటలకును మూలము తెలుగువారెరిగిన ఊళ్ళే. కోట సిరొంచకు ఎగువన ప్రాణహిత ఎడమగట్టున నున్న గ్రామము. యామన్‌పల్లి పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. ఈ జంతువు బ్రతికిన కాలమునకును, మందమర్రి బొగ్గు ఏర్పడిన కాలమునకును నడుమ కోట్ల సంవత్సరముల ఎడమున్నది. ఆ ఎడమును కనుగొన్న విధమే ఒక చరిత్ర.

కొన్ని పలకలను ఒకదానిపై నొకటి పేర్చి, ఒక ప్రక్కకు వాల్చినచో అన్ని పలకల అంచులును వరుసగా కనబడును. ఈ లోయలోని రాతిపొరలును అట్లే ఈశాన్యమునకు వాలియున్నవి. పడమటి అంచున మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములలో బొగ్గుపొరలు కలవు. ఇవి 25 కోట్ల ఏండ్లకు పైబడినవి. బొగ్గుతోడి రాళ్ళలో గ్లాసోప్టెరిస్ అను మొక్క ఆకుల ముద్రలు కనబడును. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికాలలోను ఇవే ముద్రలుండుట ఆ భూములన్నియు ఒకప్పుడు కలిసియుండెననుటకు ఒక సాక్ష్యము. మందమర్రి నుండి ప్రాణహిత వైపు సాగినకొలది పొరల వయస్సు తగ్గుచు వచ్చును. మొదట సుమారు 22 కోట్ల ఏండ్లనాటి మాలేరి ఎర్రమట్టి పొరలు, ఆపైన సుమారు 18 కోట్ల ఏండ్లనాటి కోట సున్నపురాళ్ళు వచ్చును.

ఈ వరుస నేడు సులభముగా తోచును గాని, దానిని నిర్ణయించుటకు నూరేండ్లకు పైగా పట్టినది. కోట వద్ద దొరికిన చేప శిలాజమును 1851లో లండనులో వర్ణించిరి. మాలేరి వద్ద చిలుకముక్కువంటి మూతిగల సరీసృపపు ఎముకలు దొరికినవి. 1871లో ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొన్న విలియం కింగ్ ఈ లోయనంతయు సర్వే చేసి 1881లో గ్రంథము ప్రకటించెను. అందు కోట, మాలేరి పొరలను ఒకే వర్గముగా చేర్చెను. చిక్కు ఇక్కడనే వచ్చినది. మాలేరి సరీసృపము స్కాట్లండులోని ట్రయాసిక్ యుగపు జంతువునకు దగ్గరి బంధువు. కోట చేపలో, తరువాతిదైన జురాసిక్ యుగమునకు చెందినవి. ఒకే వర్గమునకు రెండు వయస్సులెట్లుండును?

చిక్కు ఎముకలలో లేదు, అవి ఏ పొరలోనివను వివరములో నున్నది. 1950ల చివర మహలనోబిస్ ఆహ్వానముపై లండను నుండి పమేలా రాబిన్సన్ కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చెను. ఆమె వద్ద శిక్షణ పొందిన యువకులు వాగుల వెంట నడచి, ప్రతి శిలాజమును దాని పొరతో సహా గుర్తించిరి. వారిలో టి. ఎస్. కుట్టి 1969లో, మాలేరి, కోట పొరల నడుమ ధర్మారం అను వేరొక వర్గము కలదని చూపెను. దానితో రెండు కాలములును విడివడినవి.

కోట పొరలలో ఈ బృందము త్రవ్వి తీసిన రాక్షసబల్లికి 1975లో బరాపాసారస్ టాగోరి అని పేరిడిరి. ‘టాగోరి’ రవీంద్రుని స్మృతిచిహ్నము. దాని అస్థిపంజరము కలకత్తాలోని ఆ సంస్థలోనే కలదు. కోటాసారస్‌కు 1988లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి నామకరణము చేసెను. దొరికిన ఎముకలు సుమారు 840. అవి కనీసము 12 జంతువులవి. అనగా ప్రదర్శనలోనిది ఒకే జంతువని తలపరాదు. పండ్లు తప్ప పుఱ్ఱె దొరకలేదు గనుక, తల బంధుజాతులనుబట్టి ఊహించి చేసినది.

విద్యార్థులను ప్రదర్శనశాలకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు రెండు ప్రశ్నలు అడిగింపవలెను: ఇందులో ఎముక ఎంత, ఊహ ఎంత? ఇది ఏ ఊరిలో, ఏ పొరలో దొరికినది? మందమర్రి విద్యార్థికి రెండవ ప్రశ్న ఇంటి ముంగిటిదే. ఓపెన్‌కాస్ట్ గనులలో బొగ్గుపై పొరలను తొలగించి గుట్టలుగా పోయుదురు. అట్టి గుట్టలో దొరికిన ఆకుముద్ర తానే ఆకునో చెప్పగలదు గాని, తానే పొరలో నుండెనో చెప్పజాలదు. చోటు వ్రాసికొనకుండ పెకలించిన శిలాజమునకును ఇదే గతి.