ఒడి చాలని చోట: పసిపిల్లల కార్ సీటు పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో కూతురి పురుటికి సాయం వెళ్ళిన అమ్మమ్మలకు మొదటి వింత ఆస్పత్రి గుమ్మంలోనే ఎదురవుతుంది. రెండు రోజుల పసిగుడ్డును పొత్తిళ్ళలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుందామంటే కుదరదు. కార్ సీటు ఉందా లేదా అని చాలా ఆస్పత్రుల్లో అడిగి మరీ పంపిస్తారు. మెడైనా నిలవని బిడ్డను కారు వెనకద్దం వైపు మొహం పెట్టించి, పట్టీలతో బిగించి కూర్చోబెడుతుంటే పెద్దావిడ ప్రాణం ఉసూరుమంటుంది. "మేమంతా పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని పెంచలేదా?" అని అడగకుండా ఉండలేదు.

ఆ ప్రశ్న మన అమ్మమ్మలది మాత్రమే కాదు. అమెరికా చట్టసభల్లోనూ ఒకప్పుడు అదే వాదన గెలిచింది. తల్లి ఒడికి మించిన భద్రత ఉండదన్న నమ్మకాన్ని లెక్కలూ పరీక్షలూ మెల్లమెల్లగా సడలించిన కథే కార్ సీటు చరిత్ర.

పిల్లాణ్ణి కుదురుగా కూర్చోబెట్టడానికి

తొలి కార్ సీట్లకూ ప్రాణరక్షణకూ సంబంధం లేదు. 1933లో అమెరికాలోని బన్నీ బేర్ అనే కంపెనీ పిల్లల కోసం ఒక సీటు తయారుచేసింది. పిల్లవాడు కాస్త ఎత్తులో కూర్చుని కిటికీలోంచి బయటికి చూడాలి, వెనక సీట్లో అటూ ఇటూ పాకకుండా పెద్దవాళ్ళ కంటపడుతూ ఉండాలి. దాని ప్రయోజనం అంతే. 1940లలో ఇనప చట్రానికి కాన్వాసు గుడ్డ కుట్టిన సీట్లు వచ్చాయి. వాటికున్న రెండు కొక్కేలను ముందు సీటు వీపుకు తగిలిస్తే చాలు. నాన్న నడుపుతుంటే పక్కన పిల్లవాడూ తిప్పుకోవడానికి కొన్నిటికి బొమ్మ స్టీరింగు కూడా ఉండేది. కారు దేన్నైనా గుద్దుకుంటే మాత్రం ఆ సీటును గానీ, అందులోని బిడ్డను గానీ పట్టి ఆపేది ఏదీ లేదు.

ఆ రోజుల్లో పెద్దవాళ్ళకే సరైన బెల్టు లేదు. భుజం మీదుగా, నడుం మీదుగా పట్టి ఉంచే నేటి మూడు బిందువుల బెల్టును 1959లో స్వీడన్‌లోని వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. మిగతా కంపెనీలు కూడా వాడుకునేలా వోల్వో ఆ పేటెంటును అందరికీ విడిచిపెట్టింది. పెద్దవాళ్ళకు బెల్టు దొరికాక, అందులో ఇమడని పిల్లల సంగతేమిటన్న ప్రశ్న మొదలైంది. 1962లో బ్రిటన్‌లో జీన్ ఏమ్స్, అమెరికాలోని డెన్వర్‌లో లియోనార్డ్ రివ్‌కిన్ ఎవరికి వారుగా బిడ్డను బిగించి ఉంచే సీట్లను తయారుచేశారు. పిల్లవాణ్ణి అల్లరి చేయకుండా ఆపడం కాక, ప్రమాదంలో ఎగిరిపోకుండా ఆపడం లక్ష్యమైంది అప్పుడే.

వ్యోమగామి నేర్పిన పాఠం

అసలు మలుపు స్వీడన్‌లో వచ్చింది. బెర్టిల్ ఆల్డ్‌మన్ వృత్తిరీత్యా డాక్టరు. తర్వాతి కాలంలో గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రోడ్డు భద్రత ప్రొఫెసర్ అయ్యాడు. అమెరికా జెమిని యాత్రల వ్యోమగాములు రాకెట్టు పైకి లేచేటప్పుడు ఎలా కూర్చుంటారో ఆయన గమనించాడు. వాళ్ళు వీపు ఆనించి వెల్లకిలా ఉంటారు. రాకెట్టు దూకుడు పుట్టించే ఒత్తిడి ఏ ఒక్క అవయవం మీదా పడకుండా వీపంతా పరుచుకుంటుంది.

ఎక్కువ ప్రమాదాల్లో కారు ముందు భాగమే గుద్దుకుంటుంది. కారు ఆగిపోయినా లోపలి మనిషి అదే వేగంతో ముందుకు దూసుకుపోతాడు. పెద్దవాళ్ళనైతే భుజం, నడుం ఎముకలను పట్టుకుని బెల్టు ఆపుతుంది. పసివాళ్ళ శరీరం కట్టుబడే వేరు. పుట్టిన బిడ్డ పొడవులో తలే దాదాపు నాలుగో వంతు. పెద్దవాళ్ళలో అది ఎనిమిదో వంతుకు దగ్గర. అంత బరువైన తలను మోస్తున్న మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు, వాటి మధ్య చాలా భాగం మృదులాస్థే. బిడ్డ ముందుకు చూస్తూ కూర్చుంటే పట్టీలు ఒంటిని ఆపుతాయి గానీ తల ఆగదు, ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. అదే వెనక్కి చూస్తూ కూర్చుంటే తల, మెడ, వీపు కలిసి సీటు డొప్పలోకి ఒదుగుతాయి. ఆల్డ్‌మన్ తీసుకున్నది ఈ సూత్రాన్నే. ఆయన తయారుచేసిన వెనక చూపు సీటును 1964లో వోల్వో కారులో పరీక్షించారు. 1972లో వోల్వో అలాంటి సీటును అమ్మకానికి పెట్టింది. నాలుగేళ్ళ దాకా పిల్లల్ని వెనక్కి తిప్పే కూర్చోబెట్టడం స్వీడన్‌లో ఈనాటికీ అలవాటు.

అమెరికాలో 1960ల చివర ఫోర్డ్ టాట్ గార్డ్, జనరల్ మోటార్స్ లవ్ సీట్ బజారులోకి వచ్చాయి. 1971లో ప్రభుత్వం 213వ నంబరు భద్రతా ప్రమాణాన్ని తెచ్చింది. సీటును కారు బెల్టుతో బిగించాలి, బిడ్డకు పట్టీలు ఉండాలి అని అది చెప్పింది గానీ, కారు గుద్దుకున్నప్పుడు ఆ సీటు నిలుస్తుందా లేదా పరీక్షించి చూపమనలేదు. ఆ లోపాన్ని సరిదిద్దడానికి పదేళ్ళు పట్టింది. 1981 నుంచి గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గుద్దించినట్టుగా, బొమ్మ బిడ్డను కూర్చోబెట్టి చేసే పరీక్షలో నెగ్గితేనే సీటును అమ్మాలి.

టెన్నెసీలో ఒడి గెలిచింది, ఓడింది

మంచి సీటు ఉన్నంత మాత్రాన కొనాలని లేదు, కొన్నా వాడాలని లేదు. ఈ సంగతి టెన్నెసీ రాష్ట్రంలో పిల్లల డాక్టరుగా, ప్రజారోగ్య అధికారిగా పనిచేసిన రాబర్ట్ శాండర్స్‌కు బాగా తెలుసు. ఆపగలిగీ ఆపని కారు ప్రమాదాలు ఆయన్ని కలవరపెట్టాయి. భార్య ప్యాట్‌తో కలిసి శాసనసభ్యుల చుట్టూ తిరిగి, ఒప్పించి, 1977లో చట్టం చేయించారు. నాలుగేళ్ళ లోపు పిల్లలను కారులో సీటులోనే కూర్చోబెట్టాలన్న చట్టం అమెరికా రాష్ట్రాల్లో అదే మొదటిది. 1978 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అయితే సభలో ఒక సవరణ దూరింది. పెద్దవాళ్ళు చేతుల్లో పట్టుకుని కూర్చుంటే సీటు అక్కర్లేదన్నది దాని సారాంశం. తల్లి దగ్గర్నుంచి బిడ్డను లాగేసే హక్కు ప్రభుత్వానికెక్కడిదన్న భావం దాని వెనక ఉంది. చట్టాన్ని కోరినవాళ్ళు మాత్రం దానికి బిడ్డను నలిపేసే సవరణ అని పేరు పెట్టారు.

ఆ పేరు ఎందుకొచ్చిందో చిన్న లెక్కతో తెలుస్తుంది. పది కిలోల బిడ్డ, గంటకు 50 కిలోమీటర్ల వేగం. కారు గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకుందాం. ఆ క్షణంలో బిడ్డను ఆపాలంటే దాదాపు 140 కిలోల బరువును పట్టి ఉంచినంత బలం కావాలి. మన కోస్తాలో 75 కిలోల ధాన్యం బస్తాలు రెండు ఒక్కసారి మీదికి విసిరితే, చాచిన చేతులతో ఆపడం లాంటిదది. కండలు తిరిగిన మనిషికైనా సాధ్యం కాదు. పైగా పట్టుకున్న మనిషే బెల్టు పెట్టుకోకపోతే, వాళ్ళ బరువు కూడా బిడ్డ మీదే పడి డ్యాష్‌బోర్డుకో ముందు సీటుకో నొక్కేస్తుంది. తల్లీబిడ్డలకు కలిపి ఒకే బెల్టు వేసినా జరిగేది ఇదే.

ఆ మినహాయింపును టెన్నెసీ 1981లో తీసేసింది. 1985 కల్లా అమెరికాలోని 50 రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో కార్ సీటు చట్టం చేశాయి.

కొత్త సీటు, కొత్త చిక్కులు

తర్వాత రెండు సమస్యలు బయటపడ్డాయి. మొదటిది ఎయిర్‌బ్యాగ్. పెద్దవాళ్ళను కాపాడే ఆ సంచి కనురెప్పపాటులో ఉబ్బి, ముందు సీట్లో వెనక్కి తిప్పి పెట్టిన కార్ సీటును బలంగా తంతుంది. 1990లలో అమెరికాలో ఇలా పసిప్రాణాలు పోయాక, ముందు ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న చోట వెనక చూపు సీటు పెట్టనే కూడదన్నది తిరుగులేని నియమమైంది. పిల్లల చోటు వెనక సీటే.

రెండోది బిగింపు. కారు బెల్టును సీటు సందుల్లోంచి దూర్చి బిగించడంలో చాలామంది తడబడేవారు. దీనికి విరుగుడుగా కారు సీటు మడతలో 28 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఇనప కడ్డీలు పెట్టి, కార్ సీటు కొక్కేలు టక్కున వాటికి తగులుకునేలా ఐసోఫిక్స్ పద్ధతి తెచ్చారు. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అమెరికాలో దాని రూపాన్ని లాచ్ అంటారు, 2002 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. ఐరోపాలో 2013లో వచ్చిన ఆర్129 ప్రమాణం కనీసం 15 నెలల దాకా బిడ్డను వెనక్కి తిప్పే ఉంచాలంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో వయసు లెక్కే తీసేసి, సీటు తట్టుకునే బరువు, ఎత్తు దాటేదాకా వెనక చూపే మేలంది.

దేశం దాటితే

సూత్రం లోకమంతటా ఒకటే అయినా చట్టాలు ఎక్కడికక్కడ పుట్టినవి. కాబట్టి ఇక్కడ కొన్న మంచి సీటు అక్కడ చెల్లకపోవచ్చు. మన దగ్గర దొరికే సీట్లలో చాలావాటి మీద ఐరోపా ప్రమాణానికి గుర్తైన వలయంలోని ఇంగ్లీషు E అక్షరం ఉంటుంది. బ్రిటన్‌లో ఆ గుర్తునే చూస్తారు. అమెరికాలో వాళ్ళ 213 ప్రమాణం లేబుల్, కెనడాలో వాళ్ళ జాతీయ భద్రతా ముద్ర, ఆస్ట్రేలియాలో ఆస్ట్రేలియా–న్యూజిలాండ్ 1754 ప్రమాణం ఉండాలి. సీటు వీపు పైనుంచి కారుకు బిగించే మూడో పట్టీని ఆస్ట్రేలియా చాలా కాలంగా పట్టుబట్టి వాడిస్తోంది. అందుకే వెళ్ళే దేశంలో కొనడమో, అక్కడి బంధువుల దగ్గర, ప్రమాదంలో పడలేదని తెలిసిన సీటు తీసుకోవడమో, కారు అద్దెకిచ్చేవాళ్ళను ముందే అడిగి పెట్టుకోవడమో నయం.

వయసు హద్దులూ వేర్వేరే. బ్రిటన్‌లో 12 ఏళ్ళు లేదా 135 సెంటీమీటర్లు, ఏది ముందైతే అది. అరబ్ ఎమిరేట్స్‌లో 2017 సవరణతో నాలుగేళ్ళ లోపు పిల్లలకు సీటు తప్పనిసరి చేశారు. సింగపూర్‌లో 1.35 మీటర్ల లోపు పిల్లలకు ఉండాలి గానీ, వీధి టాక్సీలకు మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు లేదు. ఇంగ్లండ్ టాక్సీలో తగిన సీటు లేకపోతే మూడేళ్ళ లోపు బిడ్డ వెనక సీట్లో అలాగే వెళ్ళవచ్చు. చట్టం టాక్సీని వదిలేసినా, గుద్దుకున్నప్పుడు పుట్టే బలం వదలదు. విమానాశ్రయం నుంచి హోటలుకు వెళ్ళే ఆ అరగంటకూ సీటున్న బండినే మాట్లాడుకోవడం మంచిది.

విమానంలో బిడ్డకు విడిగా టికెట్టు తీసుకుంటే కొన్ని కార్ సీట్లను అక్కడా వాడుకోవచ్చు. అమెరికా సీట్లయితే విమానానికి పనికొస్తుందని ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది.

సీటెక్కించాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వెనక చూపు సీట్లో పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గానీ, కాస్త కిందనుంచి గానీ రావాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత దొరకకూడదు. చలిదేశాల్లో మందపాటి జాకెట్టు తొడిగి పట్టీలు వేస్తే ప్రమాదంలో ఆ దూది అణిగి పట్టీలు వదులవుతాయి. పల్చటి బట్టల మీద బిగించి, పైన దుప్పటి కప్పాలి. ప్రమాదంలో పడిన సీటును, గడువు తేదీ దాటిన సీటును ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

మన దేశంలోనూ 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ కార్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. అయినా విదేశంలో సీటు బిగించుకుని తిరిగిన బిడ్డే సెలవులకు హైదరాబాదో విజయవాడో రాగానే తాతగారి ఒళ్ళోకి, అదీ ముందు సీట్లోకి చేరుతోంది. మన రోడ్ల మీద ఆ బిడ్డ మెడ గట్టిపడిపోదు. ఎక్కడైనా సరే, బిడ్డ ఏడిస్తే కారు ఆపండి, దించి ఎత్తుకోండి, పాలివ్వండి. కదులుతున్న కారులో మాత్రం పట్టీలు విప్పకండి.