తాతగారి జింకు బ్లాకు, మేనల్లుడి ఇత్తడి రేకు

మా మేనల్లుడు ఓడల నమూనాలు కడతాడు. ఆటబొమ్మలు కావవి. అసలు ఓడలో 700 అడుగులుంటే నమూనాలో ఒక్క అడుగు, ఆ లెక్క ఎక్కడా తప్పకూడదు. పోయిన సంక్రాంతికి మదరాసు ఇంటికి వచ్చినప్పుడు సంచిలోంచి అరచేయంత ఇత్తడి రేకు తీశాడు. నిచ్చెనలు, కమ్మీలు, రాడారు జల్లెళ్ళు, అన్నీ సన్నటి లంకెలతో చట్రానికి అంటుకుని ఉన్నాయి.

"ఇంత సన్నగా ఎవరు కోశార్రా?" అన్నాను.

"కొయ్యలేదత్తా. ఫొటో దింపి యాసిడ్‌తో తినిపిస్తారు."

వంటింట్లోంచి అమ్మ వచ్చి, "మీ తాతగారి పనే కదే అది!" అంది.

నిజమే. తాతగారు జార్జ్‌టౌన్‌లో ఒక బ్లాకుల షాపులో పనిచేశారు. అచ్చాఫీసులకు బొమ్మల బ్లాకులు చేసే చోటు. ఆ పనికీ ఈ రేకుకీ మూలం ఒకటే.

1839లో ముంగో పాంటన్ అనే స్కాట్లాండ్ ఆయన, పొటాషియం బైక్రోమేట్ పూసిన కాగితం వెలుతురు తగిలితే రంగు మారుతుందని కనిపెట్టాడు. ఆ బైక్రోమేట్‌ను జెలటిన్‌లో కలిపి లోహం మీద పూస్తే, వెలుతురు పడ్డచోట గట్టిపడుతుంది, పడనిచోట నీళ్ళతో పోతుంది. దాంతో ఇంగ్లండులో టాల్బట్ లోహం మీదికి ఫొటో దింపి 1852లో పేటెంటు తీసుకున్నాడు. 1858 నాటి పద్ధతిలో లోహాన్ని తినిపించడానికి ఆయన వాడింది ఫెరిక్ క్లోరైడ్. ఇత్తడి రేకులకు ఇవాళా వాడేది అదే. మన దేశంలో ఈ పనికి పేరు తెచ్చినవారు సత్యజిత్ రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్. 1895లో ఇంగ్లండు నుంచి సామాను తెప్పించుకుని కలకత్తాలో హాఫ్‌టోన్ బ్లాకులు చేశారు.

మదరాసులో మన పత్రికలకూ బ్లాకులు కావలసి వచ్చాయి. బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో ఇక్కడ దినపత్రికైంది. 1924లో భారతి, 1947లో చందమామ వచ్చాయి. బొమ్మలకే కాదు, చిత్రకారుడు చేత్తో రాసిన కథ పేరుకూ బ్లాకే కావాలి. శుభలేఖలకూ అంతే.

జింకు రేకు మీద బైక్రోమేట్ కలిపిన గుడ్డు తెల్లసొన పూసి, నెగటివ్ పెట్టి, వెలుతురు చూపించి, నైట్రిక్ యాసిడ్‌లో ముంచేవారు. చిక్కేమిటంటే యాసిడ్ కిందికే కాదు, పక్కలకూ తింటుంది. వదిలేస్తే సన్నగీత అడుగున అరిగి కూలిపోతుంది. అందుకని డ్రాగన్స్ బ్లడ్ అనే ఎర్రటి జిగురుపొడిని నాలుగు వైపుల నుంచీ గీతల పక్కలకు బ్రష్‌తో పట్టించి, వేడిచేసి, మళ్ళీ ముంచడం. తాతగారి వేళ్ళు ఎప్పుడూ పసుపుపచ్చగా ఉండేవని అమ్మ అంటుంది. ఆ దగ్గు ఎరిగినవారు గనకే కొడుకుల్ని ఆ షాపు గడప తొక్కనివ్వలేదు.

బ్లాకులో గీత మిగలాలి, చుట్టూ పోవాలి. ఓడ రేకును రెండు వైపుల నుంచీ తినిపిస్తారు కాబట్టి మధ్యలో చిల్లులు పడతాయి. మడతపడాల్సిన చోట మాత్రం ఒక వైపు నుంచే తినిపిస్తారు. సగం లోతు గాడి మిగులుతుంది. గాడి లోపలివైపు ఉండేలా మడిస్తే మూల కచ్చితంగా వస్తుంది. "ఒక్కసారే మడవాలత్తా. వెనక్కీ ముందుకీ వంచితే తెగిపోతుంది," అన్నాడు. ముక్కను టైలు మీద పెట్టి, బ్లేడుతో లంకె కోసి, మిగిలిన ముల్లును ఆకురాయితో రుద్దాడు. గుండ్రంగా చుట్టాల్సిన ముక్కను దీపం మంట మీద కాచి, చల్లారాక రబ్బరు చాప మీద పెట్టి, కడ్డీతో దొర్లించాడు. కాచిన ఇత్తడి మెత్తబడి చెప్పినట్టు వింటుంది. కంసాలివాళ్ళు చేసేదీ ఇదే. అయితే కమ్మీల్ని కాచకూడదట, మెత్తబడితే వంకర్లు పోతాయి. మీటరు ఎత్తు కమ్మీ ఈ లెక్కలో మిల్లీమీటరున్నరకు లోపే. ప్లాస్టిక్ పోతలో అంత సన్నం రాదు.

అమ్మ బీరువాలోంచి తన పెళ్ళి శుభలేఖ బ్లాకు తెచ్చింది. కొయ్యదిమ్మ మీద కొట్టిన జింకు. తాతగారే చేశారు. 1980లలో ఆఫ్‌సెట్ వచ్చి షాపు మూతపడితే, మిగతావన్నీ తూకానికి పోయాయి. బ్లాకు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి. తాతగారు వాటిని కాగితం చదివినంత తేలిగ్గా చదివేవారట.

మేనల్లుడు సిరా అద్ది కాగితం మీద నొక్కాడు. అక్షరాలు తిన్నగా వచ్చాయి. వాడు కాగితాన్నీ బ్లాకునీ మార్చి మార్చి చూశాడు. వాడికి రెండూ ఒకటే. వాడి బడిలో తెలుగు లేదు, ఇంట్లో మేమూ నేర్పలేదు. అమ్మ పక్కన కూర్చుని ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. ఊరికి వెళ్ళేటప్పుడు కమ్మీల రేకుతో పాటు ఆ కాగితాన్నీ పుస్తకంలో పెట్టుకున్నాడు.

మన చుట్టాల్లో ఎవరింట్లోనైనా ఇలాంటి బ్లాకులుంటే తూకానికి వెయ్యకండి. ఇత్తడి బిందెలా చింతపండుతో తోమకండి, పులుపు జింకును తినేస్తుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి ఒక అచ్చు తీయండి. తీశాక పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివించండి.