క్లారిస్సా నుంచి వుదరింగ్ హైట్స్ దాకా: చీకటి ప్రేమకథలు, పాఠకుల ఇరకాటం

అపహరణ, నిర్బంధం, పగ, హింస వంటివాటిని ప్రేమకథలో విడదీయరాని భాగంగా చేసే నవలలను నేటి ప్రచురణరంగం ‘డార్క్ రొమాన్స్’ అని పిలుస్తోంది. అలాంటి నవల చదివే పాఠకురాలు నాయకుణ్ణి అసహ్యించుకుంటూనే అతని రాకకోసం పేజీలు తిప్పుతుంది; పుస్తకం ముగిశాక, దాన్ని మెచ్చుకోవాలో ఏవగించుకోవాలో తేల్చుకోలేక మింగలేక కక్కలేక ఉండిపోతుంది. ఈ వర్గానికి పెట్టిన పేరు కొత్తదే గాని, ఈ ఇరకాటానికి ఇంగ్లీషు నవలకున్నంత వయసు ఉంది. దాని తొలి నూరేళ్ల చరిత్ర 1747 డిసెంబరుకూ 1847 డిసెంబరుకూ మధ్య, రెండు నవలల నడుమ సాగింది.

లండన్‌లో అచ్చుయంత్రాల యజమానిగా స్థిరపడిన శామ్యూల్ రిచర్డ్‌సన్ 1740లో ప్రచురించిన ‘పామెలా’లో, పనిపిల్లను బంధించి వేధించిన యజమాని చివరకు మారి ఆమెనే పెళ్లాడతాడు. ప్రేమించిన స్త్రీ చేతిలో ఎంతటి దుర్మార్గుడైనా బాగుపడతాడన్న ఆశకు ఈ నవల ఊపిరి పోసింది. తర్వాత రాసిన ‘క్లారిస్సా’లో రచయిత ఆ ఆశను పూర్తిగా తుంచివేశాడు: లవ్‌లేస్ అనే ఉన్నతకుటుంబీకుడు క్లారిస్సాను మోసగించి తీసుకుపోయి, మత్తుమందు ఇప్పించి, బలాత్కరిస్తాడు, అతనితో పెళ్లిని నిరాకరించి ఆమె మరణిస్తుంది. అయితే ఇది లేఖానవల, అంటే పాత్రలు రాసుకున్న ఉత్తరాల రూపంలోనే సాగే కథ కాబట్టి, లవ్‌లేస్ చమత్కారం, తెలివి, తహతహ అతని సొంత గొంతులోనే పాఠకులకు చేరాయి. పైగా ఏడు సంపుటాలూ ఒక్కసారిగా గాక ఏడాది పొడవునా విడతలుగా వెలువడడంతో, ముగింపును మార్పించుకోవడానికి పాఠకులకు వ్యవధి దొరికింది.

అలా పూనుకున్నవారిలో లాంకషైర్‌కు చెందిన లేడీ బ్రాడ్‌షే ముఖ్యురాలు. ఆమె 1748లో బెల్‌ఫర్ అనే మారుపేరుతో రచయితకు ఉత్తరం రాసి, క్లారిస్సాను చంపవద్దనీ, లవ్‌లేస్‌ను సంస్కరించి ఇద్దరికీ పెళ్లి చేయమనీ వేడుకుంది; అంతటి దుర్మార్గుడిపై తనకు ఇష్టం కలుగుతున్నందుకు సిగ్గుపడుతున్నట్టు కూడా ఒప్పుకుంది. చివరి సంపుటాలు చదివేటప్పుడు పుస్తకం కింద పెట్టి, మళ్లీ తీసి, గదిలో పచార్లు చేసి, కన్నీళ్లు తుడుచుకుని తిరిగి చదివిన తీరును ఆమె మరో ఉత్తరంలో వర్ణించింది. రిచర్డ్‌సన్ కథను మార్చలేదు సరికదా, తర్వాతి ముద్రణల్లో పాఠకులను హెచ్చరించే పాదసూచికలు చేర్చాడు. 1751 నాటి ముద్రణలో లవ్‌లేస్ క్రూరత్వం మరింత కొట్టవచ్చినట్టు కనిపించే భాగాలు కలిపాడు. తాను పోసిన ఆకర్షణను తానే తోడివేయడానికి ఒక రచయిత పడిన ఈ పాట్లు, పాఠకుల మనసు రచయిత ఆజ్ఞకు లొంగదని తేల్చిచెప్పాయి.

ఆ మనసును వ్యాపారం వేగంగా పసిగట్టింది. లండన్ లెడెన్‌హాల్ వీధిలో విలియం లేన్ నడిపిన మినర్వా ప్రెస్, చందా కట్టినవారికి పుస్తకాలు అద్దెకిచ్చే గ్రంథాలయాల ద్వారా గోతిక్ నవలలను, అంటే పాడుబడ్డ కోటల్లో బందీలైన కన్యలనూ భయంకరులైన ప్రభువులనూ చిత్రించే కథలను, విరివిగా అందించింది. ఈ కోవలో అగ్రగణ్యురాలైన ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో ‘ది మిస్టరీస్ ఆఫ్ యుడాల్ఫో’లో ఇరకాటానికి ఒక రాజీమార్గం చూపింది: దుర్మార్గుడు వేరు, ప్రేమికుడు వేరు. భయపెట్టేవాడు ఒకడు, పెళ్లాడేవాడు మరొకడు కావడంతో పాఠకురాలు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేకుండా రెండు రుచులూ చూడగలిగింది.

యార్క్‌షైర్‌లోని హావర్త్ గ్రామంలో, చర్చి మతాధికారి కుమార్తె ఎమిలీ బ్రాంటీ ఈ విభజనను చెరిపివేసింది. ఎల్లిస్ బెల్ అనే మారుపేరుతో ఆమె రాసిన ‘వుదరింగ్ హైట్స్’ను 1847 డిసెంబరులో న్యూబీ అనే ప్రచురణకర్త, ఖర్చులకింద రచయితల నుంచే 50 పౌన్లు తీసుకుని, చెల్లెలు ఆన్ నవల ‘ఆగ్నెస్ గ్రే’తో కలిపి మూడు సంపుటాలుగా వెలువరించాడు. ఇందులో ప్రేమికుడూ దుర్మార్గుడూ హీత్‌క్లిఫ్ ఒక్కడే. అతనితో ఇల్లు విడిచి పారిపోయిన ఇసబెల్లా, అతణ్ణి ప్రేమకథల నాయకుడిగా ఊహించుకున్న అమాయకురాలు. వారు వెళ్లిపోయిన రాత్రి ఆమె పెంపుడు కుక్కపిల్ల చేతిరుమాలుతో కొక్కేనికి ఉరివేసి ఉండడం దాసి నెల్లీ చూసి విప్పుతుంది. ఆ కుక్కను ఉరితీయడం కళ్లారా చూసి కూడా ఇసబెల్లా తనను వదల్లేదని తర్వాత హీత్‌క్లిఫ్ స్వయంగా వెక్కిరిస్తాడు. చీకటి ప్రేమకథకు పరవశించే పాఠకురాలిని ఎమిలీ ఈ విధంగా కథలోకే పాత్రగా తెచ్చి, అందుకు చెల్లించవలసిన మూల్యాన్ని ఆమెచేత చెల్లింపజేసింది. అయినా రిచర్డ్‌సన్‌లా పాదసూచికలతో తీర్పు చెప్పలేదు. కథ చెప్పే పనిని నెల్లీకీ, లాక్‌వుడ్ అనే పరాయివాడికీ అప్పగించి తాను తప్పుకుంది.

సమీక్షకులు తడబడ్డారు. ఒక పత్రిక ఈ నవల పాఠకుణ్ణి దిగ్భ్రాంతికీ జుగుప్సకూ గురిచేస్తుందంటూనే, కొత్తదనం కోరేవారు చదివితీరాలని సిఫారసు చేసింది. ఎమిలీ 1848 డిసెంబరులో మరణించాక, ఆమె రాతపెట్టెలో ఇటువంటి సమీక్షల కత్తిరింపులు ఐదు దొరికాయి. అక్క షార్లెట్ 1850 ముద్రణకు రాసిన పీఠికలో, హీత్‌క్లిఫ్ వంటివారిని సృష్టించడం సబబేనా అన్న సందేహాన్ని వెలిబుచ్చి, చెల్లెలి తరఫున దాదాపు క్షమాపణ చెప్పుకుంది. 1939లో విలియం వైలర్ తీసిన చలనచిత్రం మరో దారి తొక్కి, హీత్‌క్లిఫ్ తర్వాతి తరంపై సాగించే క్రౌర్యమున్న కథాభాగాన్నే తీసివేయడంతో, మిగిలింది విషాదప్రేమ మాత్రమే.

పాదసూచిక, రాజీ, పీఠిక, కత్తెర అనే ఈ నాలుగు ఉపాయాలూ పాఠకుల రెండు మనసుల్లో ఒకదాన్ని నోరు మూయించడానికి చేసిన ప్రయత్నాలే. నేటి డార్క్ రొమాన్స్ పుస్తకాల మొదటి పుటల్లో కనిపించే హెచ్చరికలు మాత్రం వీటికి భిన్నమైనవి: అవి కథను మార్చవు, తీర్పు చెప్పవు, లోపల ఏముందో తెలిపి ఎంపికను చదివేవారికే వదిలేస్తాయి. నాయకుడిపై మమకారం నేరాన్ని మాఫీ చేయదు; నేరంపై అసహ్యం ఆ మమకారం కలగనే లేదని అబద్ధమాడనూ అక్కరలేదు. లేడీ బ్రాడ్‌షే సిగ్గుపడుతూనే ఒప్పుకున్నది ఈ రెండో సంగతినే కాగా, రిచర్డ్‌సన్‌కు ఎన్ని ముద్రణలు గడిచినా మింగుడుపడనిదీ అదే.