రాష్ట్రపతి ఎన్నిక – న్యాయస్థానపు తీర్పు

దేశాధ్యక్షుని ఎన్నికపై వివాదము చెలరేగినప్పుడు దానిని తీర్చవలసినవారెవరు? 2007 డిసెంబరులో ఆఫ్రికా ఖండంలోని కెన్యాలో ఆ వివాదము వీథుల కెక్కినది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. అదే దేశంలో 2017 ఎన్నికపై వివాదము రాగా, అది సుప్రీంకోర్టు మెట్లెక్కినది. అధికారంలో నున్న అధ్యక్షుని ఎన్నికను ఆ సెప్టెంబరు 1వ తేదీన న్యాయస్థానము రద్దు చేసినది.

ఇటువంటి పరీక్ష మన దేశానికీ ఒకసారి వచ్చినది. అందు ప్రధానముగా తలపడిన ఇద్దరూ తెలుగువారే.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ దివంగతులైనారు. కాంగ్రెసు పక్షము లోక్‌సభ స్పీకరు నీలం సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిలిపినది. రాష్ట్రపతి బాధ్యతలు నిర్వహించుచున్న వి.వి. గిరిగారు పదవికి రాజీనామా యిచ్చి స్వతంత్రులుగా పోటీకి దిగినారు. అంతరాత్మ చెప్పినట్లు ఓటు వేయవలసినదని ప్రధాని ఇందిరాగాంధీ పిలుపునిచ్చినారు.

ఆగస్టు 16న ఓటింగు జరిగినది. ఈ ఎన్నికలో పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. మధిర శాసనసభ్యునితో సహా నాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యు లొక్కొక్కరి ఓటు విలువ 125. గెలుపునకు 4,18,169 కావలెను. తొలి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చినవి. ద్వితీయ ప్రాధాన్యపు ఓట్లు కలిపిన పిదప గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 లభించినవి. కావలసిన దానికంటె గిరిగారికి అధికముగా వచ్చినది 1,908 మాత్రమే. మన శాసనసభ్యుల లెక్కలో పదిహేనుమంది ఓట్లు!

ఇంత స్వల్పమైన ఆధిక్యముపై వివాదము రాక మానునా? సంజీవరెడ్డిగారిని దూషించు అనామక కరపత్రము పంచి ఓటర్లను ప్రభావితులను చేసినారని సుప్రీంకోర్టులో పిటిషన్లు దాఖలైనవి. పదవిలో నున్న రాష్ట్రపతి స్వయముగా న్యాయస్థానానికి వచ్చి సాక్ష్యమిచ్చినారు. 1970లో కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసినది.

ఈలోగా, 1969 ముగియకమునుపే, కాంగ్రెసు రెండుగా చీలినది. పక్షము చీలినదే గాని రాజ్యాంగము చెక్కుచెదరలేదు. ఓడిన సంజీవరెడ్డిగారు 1977లో పోటీ లేకుండ రాష్ట్రపతిగా ఎన్నికైనారు.

గెలిచినవారు బోనెక్కుటకు వెనుదీయరాదు. ఓడినవారికి మరల తలుపు మూసివేయరాదు. ఈ రెండును నిలిచినచోట వివాదము వీథికెక్క నవసరము లేదని మేము తలంచుచున్నాము.