ఎకరా దిగుబడి, తలసరి ఆదాయం: వలసపాలన కాలపు జాతీయాదాయ లెక్కల్లో హెస్టన్ ఊహ

వలసపాలనలో భారతీయుల తలసరి ఆదాయం పెరిగిందా, తరిగిందా అన్న వివాదం ఇక ముగిసిపోయిందన్న ధోరణి ఆర్థిక చరిత్ర రచనల్లో బలపడింది. 1983లో ధర్మకుమార్ సంపాదకత్వంలో వెలువడిన కేంబ్రిడ్జ్ ఎకనమిక్ హిస్టరీ ఆఫ్ ఇండియా రెండో సంపుటిలో జాతీయాదాయం మీద అధ్యాయం రాసినవారు ఆలన్ హెస్టన్. ఆ అధ్యాయాన్ని ఉటంకించి, పందొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధం నుంచి తలసరి ఆదాయం నెమ్మదిగానైనా పెరిగిందని ఒక వాక్యం రాసి ముందుకు సాగిపోవడం ఆనవాయితీ అయింది. ఆ పెరుగుదలలో ఎంత పొలంలో పండింది, ఎంత ఒక ఊహలోంచి పుట్టింది అని అడిగినవారు తక్కువ. మన విశ్వవిద్యాలయాల పాఠ్యపుస్తకాలైతే ఆ ప్రశ్న జోలికే పోలేదు.

కోస్తా, రాయలసీమ జిల్లాల్లో పాత కరణాల కుటుంబాల దగ్గర మిగిలిన అడంగళ్లు (గ్రామ పంట లెక్కల పుస్తకాలు) చూస్తున్నప్పుడు ఈ వ్యాసానికి మూలమైన అనుమానం కలిగింది. సర్వే నంబరు, ఎకరం సెంట్లలో విస్తీర్ణం, పట్టాదారు పేరు, నీటి ఆధారం, మొదటి పైరు, రెండో పైరు వరుసగా ఉంటాయి. ఏ చెరువు కింద ఎన్ని సెంట్లు ఎండిపోయాయో కూడా రాసి ఉన్న పుటలు కనిపిస్తాయి. ఇంత పట్టింపుతో రాసిన లెక్కను నమ్మదగనిదని ఒక్క మాటతో పక్కన పెట్టి, దాని స్థానంలో మారని దిగుబడి అనే గీతను గీయడం ఏ ప్రమాణంతో సమర్థనీయం? దిగుబడి మారలేదన్న హెస్టన్ ఊహ దిద్దుబాటు కాదని, ఒక లోపం ఉన్నచోట మరో పెద్ద లోపాన్ని నిలబెట్టడమేనని ఈ వ్యాసం వాదిస్తుంది.

నౌరోజీ నుంచి కర్జన్ దాకా

దాదాభాయి నౌరోజీ 1867–70 కాలానికి తలసరి రాబడి రూ. 20 అని తేల్చారు. 1882లో వలస ప్రభుత్వ అధికారులు బేరింగ్, బార్బర్ రూ. 27 అన్నారు. 1901లో వైస్రాయ్ కర్జన్ రూ. 30 అన్నారు. దాదాపు అదే సమయానికి విలియం డిగ్బీ లెక్క రూ. 18 దగ్గర ఆగింది. ఈ అంకెలను ఒక పట్టికలో పేర్చి, తొలితరం లెక్కలన్నీ రాజకీయ అవసరాల కోసం పుట్టినవేనని తేల్చేయడం మామూలైపోయింది. అది నౌరోజీకి చేసిన అన్యాయం. ఆయన లెక్కకూ కర్జన్ లెక్కకూ తేడా పార్టీల తేడా కాదు, పద్ధతుల తేడా.

కర్జన్ లెక్క ఇలా సాగింది. 1880 కరువు కమిషన్ సమాచారం ప్రకారం తలకు వ్యవసాయాదాయం రూ. 18. ఇరవై ఏళ్ల తర్వాత అది రూ. 20 అయిందని తీసుకున్నారు. వ్యవసాయేతర ఆదాయం గురించి చేతిలో సమాచారం లేదు కాబట్టి అదీ అదే నిష్పత్తిలో పెరిగిందనుకున్నారు. బేరింగ్, బార్బర్‌ల 27ను 20తో గుణించి 18తో భాగిస్తే సరిగ్గా 30 వస్తుంది. చేనేత మగ్గాలు మూతపడుతున్న ఆ రెండు దశాబ్దాల్లో నేతగాడి ఆదాయం ఎంత మారిందో ఎవరూ చూడలేదు. తెలిసిన సగం నుంచి తెలియని సగాన్ని ఊహతో పూరించారు.

నౌరోజీ 1876లో ఈస్ట్ ఇండియా అసోసియేషన్ బొంబాయి శాఖలో చదివిన పత్రం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ప్రభుత్వ పరిపాలనా నివేదికల్లోని అంకెలతోనే ఆయన ప్రభుత్వాన్ని నిలదీశారు. జిల్లాల దిగుబడులను కూడి జిల్లాల సంఖ్యతో భాగించి, రాష్ట్ర సగటు ఇదేనని నివేదికలు చెప్పేవి. ఏ జిల్లాలో ఆ పైరు ఎన్ని ఎకరాలు వేశారో పట్టించుకోలేదు. ఉదాహరణకు, ఒక జిల్లాలో 10 లక్షల ఎకరాల్లో ఎకరానికి 400 పౌన్లు, పక్క జిల్లాలో లక్ష ఎకరాల్లో ఎకరానికి 1,000 పౌన్లు పండాయనుకుందాం. నివేదిక పద్ధతిలో సగటు 700 పౌన్లు. విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకుంటే 455 పౌన్లకు మించదు. ఆ తేడా పంట ఏ రైతు గాదెలోకీ చేరలేదు. నౌరోజీ ఒక్కో రాష్ట్రానికి ఈ తప్పు సరిదిద్ది, ధరలకూ అదే నియమం వర్తింపజేసి, పశుసంపదకూ గనులకూ పరిశ్రమలకూ కొంత కలిపి ఇరవై రూపాయలకు చేరారు. ఆ మొత్తాన్ని జైల్లో ఖైదీ తిండీబట్టకు సర్కారు పెట్టే ఖర్చుతో పోల్చారు. నేరం చేయని రైతుకూలీకి ఖైదీకి దొరికేంత కూడా దక్కడం లేదన్న ఆయన నిర్ధారణకు నేటికీ తృప్తికరమైన జవాబు రాలేదు.

హెస్టన్ అభ్యంతరం

1966లో జార్జ్ బ్లిన్ ప్రచురించిన వ్యవసాయ గణాంకాల గ్రంథం ఈ చర్చ అంతటికీ పునాది. 1891 నుంచి 1947 దాకా బ్రిటిష్ ఇండియాలో తిండిగింజల ఉత్పత్తి ఏడాదికి 0.11 శాతం, ఇతర పంటల ఉత్పత్తి 1.31 శాతం, జనాభా 0.67 శాతం పెరిగాయని ఆయన తేల్చారు. తిండిగింజల ఎకరా దిగుబడి ఏటా 0.18 శాతం తగ్గింది. శివసుబ్రమణియన్ జాతీయాదాయ వరుస ప్రధానంగా ఈ అధికారిక దిగుబడుల మీదే నిలిచింది. ఆ వరుసలో ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో తలసరి ఆదాయం చాలా నెమ్మదిగానే పెరిగింది.

హెస్టన్ 1973లో ఇండియన్ ఎకనమిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూలో ఈ దిగుబడులను ప్రశ్నించారు. ఉత్పత్తి లెక్క మూడు అంకెల గుణకారం: విస్తీర్ణం, సాధారణ దిగుబడి, ఆ ఏటి అణావారీ (సాధారణ పంటలో ఎన్ని అణాల వంతు పండిందన్న అంచనా). మొదటిది కొలత, తక్కిన రెండూ మనిషి అంచనాలు. ఆ అంచనాలు కింది వైపుకు మొగ్గుతాయి కాబట్టి దిగుబడి పడిపోయిందనడం నమ్మదగినది కాదని ఆయన వాదన. పదేళ్ల తర్వాత కేంబ్రిడ్జ్ అధ్యాయంలో తిండిగింజల దిగుబడి మారలేదనుకుని తలసరి వరుసను కట్టారు. క్లైవ్ డ్యూయీ పట్వారీల లెక్కల మీద రాసిన విమర్శ ఈ వాదనకు ఊతమైంది.

తర్కం ఎక్కడ తెగిందో చూడాలి. అంచనా ఎప్పుడూ తక్కువగానే ఉంటే దెబ్బతినేది ఉత్పత్తి స్థాయి, దాని పోకడ కాదు. 1895లో కరణం పన్నెండణాల పంటను పదణాలని రాసి, 1935లోనూ అలాగే రాస్తే ఆ రెండు సంవత్సరాల మధ్య తేడా చెక్కుచెదరదు. పోకడ తప్పని నిరూపించాలంటే తక్కువ రాసే అలవాటు ఏటేటా ముదిరిందని చూపాలి. హెస్టన్ దాన్ని చూపలేదు. అలా ముదరడానికి తగిన కారణం కూడా రెవెన్యూ వ్యవస్థలో కనిపించదు.

మాగాణి, మెట్ట

కరణం పంటను తక్కువ చేసి ఎందుకు రాస్తాడు? అందరూ చెప్పే సమాధానం శిస్తు తగ్గింపు. పైరు ఎండితే జమాబందీలో రైతుకు శిస్తు తగ్గుతుంది, కరణం ఆ రైతుల మధ్యే బతకాలి. ఈ సమాధానం సగమే నిజం. మద్రాసు రైత్వారీలో నీరందక పైరు పోయిన మాగాణికే తగ్గింపు. మెట్ట శిస్తు పంట పండినా ఎండినా కట్టవలసిందే. దేశమంతా చెప్పుకున్న పెద్ద కరువుల్లో తప్ప మెట్ట రైతుకు మినహాయింపు లేదు. అంటే జొన్న, సజ్జ, కొర్ర, ఆరిక పండే నేలల్లో అణాలు తగ్గించి రాసినందువల్ల రైతుకు రూపాయి కలిసిరాదు, కరణానికి మంచిమాట దక్కదు.

మాగాణిలోనూ కరణం మాటే చివరి మాట కాదు. తగ్గింపు అడిగిన ప్రతి సర్వే నంబరునూ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చూడాలి, తహసీల్దారు చూడాలి, జమాబందీకి వచ్చిన డివిజన్ అధికారి ప్రశ్నించాలి. తగ్గింపు పెరిగితే ఖజానాకు నష్టం కాబట్టి పైవాళ్ల ఒత్తిడి ఎక్కువ పంట చూపించే వైపే ఉండేది. అణావారీ అనే అంకె ఈ రెండు ఒత్తిళ్ల మధ్య తయారైంది. అది ఒక్క దిక్కుకే ఒరుగుతుందనడానికి ఆధారం లేదు. నేను చూసిన మెట్ట గ్రామాల అడంగళ్లలో మంచి ఏడు మంచి ఏడుగానే, చెడ్డ ఏడు చెడ్డ ఏడుగానే కనిపిస్తాయి. వరుసగా మూడు నాలుగేళ్లు వానలు అనుకూలించినచోట పూర్తి పంట రాయడానికి కరణం వెనకాడలేదు.

కాబట్టి పరిశోధకుడు చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. అణావారీలో వాలు ఉందనుకుంటే మాగాణి పైర్లకు ఒక దిద్దుబాటు, మెట్ట పైర్లకు మరొకటి లెక్కగట్టాలి. జిల్లాల వారీగా విస్తీర్ణాన్ని బట్టి వాటిని కలపాలి. నౌరోజీ 1876లోనే నేర్పిన పాఠం ఇది. హెస్టన్ వరినీ జొన్ననూ ఒకే గాటన కట్టి దేశమంతటికీ ఒకే గీత గీశారు. తెలియని భాగాన్ని అనుకూలమైన నిష్పత్తితో పూరించిన కర్జన్ పద్ధతికీ దీనికీ పనితీరులో భేదం లేదు.

బ్లిన్ లెక్కల్లోనే మద్రాసు దిగుబడులు పెరిగాయని, ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల కింది డెల్టాలు అందుకు సాక్ష్యమని ఎవరైనా గుర్తుచేయవచ్చు. ఆ పెరుగుదల బెంగాల్ వరి నష్టాన్ని పూడ్చలేదు.

ఊహను ఒప్పుకున్నా

వాదన కోసం హెస్టన్ ఊహను ఒప్పుకుందాం. బ్లిన్ రేట్ల ప్రకారం తలసరి తిండిగింజలు ఏటా 0.56 శాతం తగ్గాలి. యాభై అయిదేళ్లలో అది స్థూలంగా 26 శాతం. దిగుబడి అసలు తగ్గలేదనుకుంటే తిండిగింజల వృద్ధి 0.29 శాతం అవుతుంది, జనాభా వృద్ధితో తేడా 0.38 శాతం. అప్పుడు కూడా అదే కాలంలో మనిషికి దక్కే గింజలు 19 శాతం పడిపోతాయి. ఇంత ఉదారంగా దిద్దినా అన్నం మెతుకు తగ్గిందన్న నిర్ధారణ చెరగదు. మరి తలసరి ఆదాయం పెరిగిందంటే ఆ పెరుగుదల ఎక్కడిది? పత్తి, వేరుశనగ, జనపనార వంటి వాణిజ్య పంటలది, మిల్లులది, అన్నిటికన్నా ముఖ్యంగా సేవల రంగం పేరిట చేర్చిన మొత్తాలది. ఆకలి కొలతకు అందని చోట పెరిగిన ఆదాయాన్ని మనిషి సగటుగా పంచిపెట్టడం గణితానికి సరిపోవచ్చు గాని చరిత్రకు సరిపోదు.

భాజకం కథ

తలసరి అన్నప్పుడు పైఅంకె మీదే చర్చంతా నడిచింది, కింది అంకెను గురించి ఎవరూ మాట్లాడలేదు. జనాభా పదేళ్లకోసారే తెలుస్తుంది, నడిమి ఏళ్లను సమానంగా పంచి పూరిస్తారు. 1876–78 కరువు కర్నూలు, బళ్ళారి, కడప ప్రాంతాలను ఊడ్చిపెట్టింది. 1881 నాటికి మద్రాసు ప్రెసిడెన్సీ జనాభా పదేళ్ల కిందటి కన్నా తక్కువ. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో దేశంలో కోటికి పైగా చనిపోయారు. 1911కూ 1921కీ మధ్య నేటి భారత భూభాగంలో జనాభా 25.2 కోట్ల నుంచి 25.1 కోట్లకు దిగింది. ఈ దశాబ్దాన్ని సరళరేఖతో పూరిస్తే 1917లో బతికున్నవారి సంఖ్య తగ్గిపోతుంది, ఆ ఏటి తలసరి ఆదాయం ఉబ్బుతుంది. మరణాల తర్వాత మిగిలినవారికి లెక్కలో ఎక్కువ వాటా పడుతుంది. చావు పెంచిన సగటును అభివృద్ధి పద్దులో జమచేయడం ఈ వరుసలన్నిటిలోనూ ఉన్న దోషం.

దీనికి తోడు ఈ వరుసలు దేశం మొత్తానికీ చెందినవి కావు. జమీందారీ గ్రామాల్లో సర్కారు కొలత సరిగా నడవలేదు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం ఎస్టేట్ల పంట ఎక్కువగా ఊహాంకం. నిజాం రాజ్యం బ్లిన్ లెక్కలో లేనే లేదు. తెలంగాణ రైతు ఆదాయాన్ని బ్రిటిష్ ఇండియా సగటుతో పూరించి అఖిల భారత తలసరి అన్నాం.

ముగింపు

వి.కె.ఆర్.వి. రావు 1931–32కు బ్రిటిష్ ఇండియా ఆదాయం రూ. 1,689 కోట్లని, తలకు రూ. 62 అని తేల్చినప్పుడు రంగాల వారీగా సమాచారం సేకరించి, అది దొరకనిచోట ఆ సంగతి చెప్పారు. మహలనోబిస్ అధ్యక్షతన గాడ్గిల్, రావు సభ్యులుగా 1949లో ఏర్పడిన జాతీయాదాయ సంఘం 1948–49కి తలసరి రూ. 246.9 అని ప్రకటించినప్పుడూ ఆ సంప్రదాయాన్ని పాటించింది. 2015లో వెలువడిన 2011–12 ఆధార సంవత్సరపు వరుసలో సంఘటిత రంగం కదలికను చూసి అసంఘటిత రంగాన్ని అంచనా కట్టడం మీద వచ్చిన విమర్శ, కర్జన్ మీద రావలసిన విమర్శే. నూట పాతికేళ్లుగా పేదవాడి ఆదాయాన్ని అతనికన్నా మెరుగైనవాడి ఆదాయం నుంచి ఊహిస్తున్నాం.

వలసపాలనలో భారతీయుడి తలసరి ఆదాయం పెరిగిందన్న నిర్ధారణను ఇకపై ఎవరైనా రాయదలిస్తే మాగాణినీ మెట్టనూ విడదీసిన దిగుబడులతో రాయాలి. అందుకు కావలసిన జమాబందీ నివేదికలు, సెటిల్‌మెంట్ నివేదికలు, పంటల రిపోర్టులు చెన్నైలోనూ మన రాష్ట్ర పురాలేఖశాలల్లోనూ ఉన్నాయి. 1984లో కరణీకం రద్దయ్యాక ఇళ్లలో మిగిలిన అడంగళ్లను జిల్లాల వారీగా సేకరించి నకళ్లు తీయించే పని విశ్వవిద్యాలయాల చరిత్ర, ఆర్థిక శాస్త్ర శాఖలు కలిసి చేపట్టాలి. ఆ పని పూర్తయ్యేదాకా కేంబ్రిడ్జ్ వరుసను ప్రమాణంగా ఉటంకించడం మానాలి. నౌరోజీ చెప్పిన దారిద్ర్యాన్ని కాదనవలసిన భారం కాదనేవారిదే.