గాజుపలకపై తేలిక మౌసు

కంప్యూటరు బల్లమీద మౌసు క్రింద పలక యెందులకు వచ్చినదని విచారించినచో, మౌసు జారిపోకుండ పట్టునిచ్చుటకు వచ్చినదని తేలును. నేడు అదే చోట ఆటగాండ్రు కోరి పరచుకొనుచున్న గాజుపలకయో, మౌసును వీలైనంత స్వేచ్ఛగా జారనిచ్చుటకే వచ్చినది. తన పుట్టుకకు కారణమైన పనిని విడిచి, దానికి సరిగా ఎదురైన పనిలో స్థిరపడిన వస్తువులు లోకమున అరుదు. మౌసును ఆపవలసిన భారము పలకనుండి తొలగి మనుష్యుని వ్రేలికొనలకు ఎట్లు చేరినదో చెప్పినచో ఈ వస్తువు చరిత్రలో ముఖ్యభాగము చెప్పినట్లే యగును.

కాలిఫోర్నియాలోని మెన్లోపార్కున, స్టాన్‌ఫర్డ్ రీసెర్చి ఇన్‌స్టిట్యూటునందు, డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహింపగా బిల్ ఇంగ్లిష్ అను ఇంజనీరు 1964లో నిర్మించిన తొలి మౌసు ఒక చెక్కదిమ్మె. దాని యడుగున ఒకదానికొకటి లంబముగా అమర్చిన రెండు లోహచక్రములును, పైన ఒకే బటనును ఉండెను. చక్రము దొర్లినగాని తెరమీది గుర్తు కదలదు. బల్ల మరీ నునుపైనచో చక్రము దొర్లుటమాని ఈడ్వబడును. 1968 డిసెంబరు 9న సాన్‌ఫ్రాన్సిస్కో సభలో ఎంగెల్‌బార్ట్ ఈ సాధనమును తొలిసారి బహిరంగముగా ప్రయోగించి చూపినపుడు ఆయన యెదుటనుండిన పీఠమును రూపొందించినవాడు హెర్మన్ మిల్లర్ అను ఫర్నిచరు సంస్థకు చెందిన జాక్ కెల్లీ. అందు కీబోర్డు ప్రక్కనే మౌసు తిరుగాడుటకు కొంత చోటు ప్రత్యేకింపబడియుండెను. మౌస్‌ప్యాడునకు పూర్వరూపమేది యని యెవరైన అడిగినచో నేను ఆ చోటునే చూపుదును.

అదే సంవత్సరము పశ్చిమజర్మనీలోని టెలిఫుంకెన్ సంస్థ చక్రములకు మారుగా గుండు దొర్లెడి సాధనమును వెలువరించినది; 1973నాటి జెరాక్స్ ఆల్టో కంప్యూటరు వెంబడి గుండుమౌసు పరిశోధనాలయములలో ప్రవేశించి, 1984నాటి మాకింటాష్‌తో ఇండ్లకు వచ్చినది. గుండునకు పట్టు కావలెను గనుక, క్రింద రబ్బరుస్పాంజి, పైన గుడ్డ గల ప్యాడు దానికి విడదీయరాని తోడైనది. మన పట్టణములలో నెట్‌సెంటర్లు వెలసిన రోజులను ఎరిగినవారికి ఆ జంట బాగుగా పరిచితమే: వందలచేతుల చెమటకు నల్లబారి అంచులు లేచిన ప్యాడు, గుర్తు మొండికేసినపుడెల్ల మౌసును వెల్లకిల త్రిప్పి, అడుగున ఉన్న ప్లాస్టిక్కు వలయమును బొటనవ్రేలితో త్రిప్పి ఊడదీసి, గుండును అరచేతిలో పెట్టుకొని, లోపలి సన్నని రోలర్ల చుట్టును పట్టీవలె పేరుకొన్న మట్టిని గోటితో గీకివేయుట. ఆ మట్టి చాలవరకు ప్యాడునుండియే వచ్చునని మాత్రము ఎవరును తలపరైరి.

గుండును తొలగించి వెలుతురుతో కదలికను కొలుచు ఉపాయము 1980 ప్రాంతమున అమెరికాలో ఇద్దరికి వేర్వేరుగా తట్టినది. జెరాక్స్‌లోని రిచర్డ్ లయన్ ఒకరు. మౌస్ సిస్టమ్స్ సంస్థను నెలకొల్పిన స్టీవ్ కిర్ష్ రెండవవారు. కిర్ష్ మౌసునకు గళ్లు ముద్రించిన లోహపుపలక తప్పనిసరి; ఎర్రని కాంతికి ఒక వరుస గీతలును, కంటికానని పరారుణకాంతికి మరియొక వరుస గీతలును కనబడునట్లు దానిని తీర్చిరి. అద్దమువలె మెరసెడి ఆ పలకమీదనుండి దించినచో మౌసు గ్రుడ్డిదే. నునుపైన పలకమీద మౌసు పనిచేయుట అప్పుడే ఆరంభమైనది గాని, ఆ నునుపును ఎవరును కోరియుండలేదు. గీతలకై లోహమును కొనగా నునుపు కొసరుగా వచ్చినది.

1999లో మైక్రోసాఫ్టు సంస్థ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరరును విడుదల చేయుటతో గీతల యవసరమును తీరిపోయెను. దాని యడుగున ఉన్న చిన్న కెమెరా సెకనుకు 1500 చిత్రములు తీసి, ఒక చిత్రమును మరియొక చిత్రముతో పోల్చి కదలికను లెక్కించును. చెక్కబల్ల, పుస్తకపు అట్ట, తొడమీది పంట్లాము, దేనిమీదనైనను పనిచేయును. చూచుటకు మచ్చయో గరుకో లేని అద్దము, గాజు మాత్రమే దానికి కొరుకుడుపడలేదు. న్యాయముగా ఆలోచించినచో మౌస్‌ప్యాడు ఆయువు ఆనాటితో తీరవలసినది. తీరకపోవుటకు కారణము, క్వేకు, కౌంటర్‌స్ట్రైకు వంటి తుపాకి ఆటలకు అలవాటుపడిన యువకులు. కెమెరాకు ఏ బల్లయైనను ఒకటే కావచ్చును గాని, వారి చేతికి కాదు.

2001లో డెన్మార్కున జాకబ్ వోల్ఫ్-పీటర్సన్ స్థాపించిన సాఫ్ట్ ట్రేడింగ్ అను చిన్న సంస్థ వారికై రెండు పలకలను అమ్మినది: ఒకటి స్టీల్‌ప్యాడు, రెండవది ఐస్‌మ్యాట్ అను గాజుపలక. ఈ సంస్థయే 2007లో స్టీల్‌సిరీస్‌గా పేరు మార్చుకొన్నది. కెమెరా గాజును చూడలేదను చిక్కును గాజుపలకలు చేయువారు పైముఖమును సన్నగా గరుకుపరచి తీర్చుకొందురు. మెరుపు చచ్చి, సెన్సరు పట్టుకొనదగిన సూక్ష్మమైన నెరసులు దానిపై ఏర్పడును. అయినను గాజు ఆ తరమున నిలువలేదు. రాచుకొను చప్పుడును, చలికాలపు చల్లదనమును, మౌసు అడుగున ఉన్న అతుకులు త్వరగా అరిగిపోవుటయు దాని లోపములుగా చెప్పుదురు. అవి నిజమేగాని, నా దృష్టిలో అసలు లోపము పలకలో లేదు, ఆనాటి మౌసులో ఉన్నది. 2005నాటి లాజిటెక్ జీ5 మౌసుతో, కడుపులో 36 గ్రాములవరకు చొప్పించుకొనుటకు తూకపుబిళ్లలను డబ్బాలో పెట్టి ఇచ్చెడివారు! బరువు ఘనతకు గుర్తుగా ఉండిన కాలమది. 2014లో వచ్చిన జీ502 కూడ 121 గ్రాములు తూగుచు, చాలదన్నవారికి 3.6 గ్రాముల బిళ్లలు ఐదింటిని అందించినది. అంత బరువును నునుపైన గాజుపై పరుగెత్తించిన పిమ్మట, కోరిన చోట ఆపుటకు మణికట్టు చాలదు.

బరువు తగ్గింపును మొదట చేపట్టినవారు మౌసు పైడొప్పకు డ్రిల్లుతో రంధ్రములు తొలిచిన ఔత్సాహికులు. 2018లో ఫైనల్‌మౌస్ అను అమెరికా సంస్థ తేనెపట్టువలె రంధ్రములు గల డొప్పతో 67 గ్రాముల మౌసును అమ్ముటతో ఆ ఇంటిపని వ్యాపారమైనది. 2020 చివర లాజిటెక్ సంస్థ రంధ్రములు లేకయే, తీగయు లేకయే, 63 గ్రాములలోపు బరువుగల సూపర్‌లైటును తెచ్చినది. 2021లో ఫైనల్‌మౌస్‌వారి స్టార్‌లైట్-12, మెగ్నీషియము మిశ్రలోహపు డొప్పతో, చిన్న కొలతలో 42 గ్రాములకు దిగినది. జర్మనీనుండి వచ్చిన జౌన్‌కోయెనిగ్ మౌసులు కార్బన్‌ఫైబరు డొప్పతో 25 గ్రాములను గూడ దాటవు.

ఇంత చిన్న వస్తువును అరచేత కప్పిపట్టుట కుదరదు. కనుకనే ఫింగర్‌టిప్ గ్రిప్పని గేమర్లు చెప్పుకొను వ్రేలికొనల పట్టు దీనికి తగినది. బొటనవ్రేలు ఒక ప్రక్కను, ఉంగరపువ్రేలు చిటికెనవ్రేలు రెండవ ప్రక్కను తాకును; చూపుడువ్రేలును నడిమివ్రేలును బటన్లపై వాలును; అరచేయి ఎచ్చటను ఆనక గాలిలో నిలుచును. క్రిందికి గురిపెట్టవలెనన్న చేతిని జరుపనక్కరలేదు, వ్రేళ్లను ముడిచినచో మౌసే అరచేతి గూటిలోనికి వచ్చును. వెనుక మూపురము గల మౌసు ఆ రాకకు అడ్డము గనుక, కొందరు తేలిక మౌసుల లోపలి పలకను, సెన్సరును, బ్యాటరీని పెరికి, త్రీడీ ప్రింటరుతో తీసిన పొట్టిడొప్పలలో అమర్చుకొనిరి. పిమ్మట చైనాలోని జీ-వుల్వ్స్ వంటి సంస్థలు అట్టి పొట్టిమౌసులను తామే చేయసాగినవి.

గురి పరీక్ష వేగమున లేదు, ఆగుటలో ఉన్నది. లక్ష్యము ఎంత చిన్నదై ఎంత దూరమున ఉన్నచో అంత కాలము పట్టునని 1954లో పాల్ ఫిట్స్ సూత్రీకరించెను. మౌసు ఆ సూత్రమునకు లోబడునని 1978లో పరీక్షించి ప్రకటించిన ముగ్గురిలో, తొలి మౌసును చెక్కిన బిల్ ఇంగ్లిషే ఒకరు. గుడ్డప్యాడుపై కదలిక మొదలిడుటకు కొంత బలిమి కావలెను, మొదలిడిన పిమ్మట అంత అక్కరలేదు. ఈ తేడావలన సన్నని సవరింపులు ఒక్కొక్కసారి గెంతుగా మారును. గాజుపై ఈ తేడా మిక్కిలి స్వల్పము. అయితే గుడ్డ నొక్కినచో కుంగి మౌసును ఆపును, గాజు కుంగదు. బోరిక్‌పొడి చల్లిన క్యారమ్‌బోర్డుపై స్ట్రైకరువలె మౌసు సాగిపోవుచుండగా దానిని ఆపునది, డొప్ప అంచును దాటి పలకను తాకుచుండు ఉంగరపువ్రేలి, చిటికెనవ్రేలి చర్మమే. పెద్ద మౌసును అరచేత పట్టినవారికి ఈ బ్రేకు అందదు. గాజుపలకకు పొట్టిమౌసు సరిజోడగుటకు ముఖ్యకారణమిదియే.

జోడు కుదిరిన పిమ్మట గాజు తిరిగి వచ్చినది: స్కైప్యాడు, కొరియాలోని పల్సర్‌వారి సూపర్‌గ్లైడు, 2023లో రేజర్‌వారి అట్లాస్. ఇవి గాజును కరిగిన తగరముపై తేలజేసి చదునుపరచు పద్ధతికి వారసులు; ఆ పద్ధతిని ఇంగ్లండులో అలస్టర్ పిల్కింగ్టన్ 1950లలో సాధించగా 1959లో లోకమునకు వెల్లడియైనది. పగులకుండుటకు పలకను 600 డిగ్రీలకు పైగా కాచి గాలితో చప్పున చల్లార్తురు. కదలుచున్న ప్రత్యర్థిని గురి వదలక వెంబడింపవలసిన అపెక్స్ లెజెండ్స్, ఓవర్‌వాచ్ వంటి ఆటలకు ఈ జంటను నేను నిస్సంకోచముగా మెచ్చుదును. మూల పొంచి కదలక నిలిచి ఒక్కసారి పేల్చవలసిన వాలొరంట్, కౌంటర్‌స్ట్రైకులకు మాత్రము గుడ్డయే మేలు, ఏలయన 40 గ్రాముల మౌసు గాజుపై వ్రేలి వణకును గూడ దాచక తెరకెక్కించును.

విశాఖ, కాకినాడలవంటి సముద్రపుగాలి ఊళ్లలో వానకాలమున గుడ్డప్యాడు తేమపీల్చి మందగించును. గాజు మందగింపదు గాని, చెమర్చిన ముంజేయి దానికి అతుకుకొనును గనుక, ఈ ఆటగాండ్రు చేతికి సాగెడి తొడుగు వేసికొందురు. మౌసు అడుగున స్కేట్లని పిలుచు అతుకుల విషయమున ఎక్కువ జాగ్రత్త కావలెను. 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొనిన టెఫ్లాను వీటికి మామూలు పదార్థమైనను, నెరసుల గాజుపై త్వరగా అరిగి డొప్పనే పలకకు తాకించును. అందుచే గట్టి జాతి పాలిథీన్‌తో చేసిన చిన్న గుండ్రని బిళ్లలను అతికించుట వాడుకలోనికి వచ్చినది. గుడ్డకై అమ్ముచున్న గాజుస్కేట్లను గాజుపలకపై వాడరాదు, గీతలు పడును. ఒక్క ఇసుకరేణువు బిళ్ల క్రింద చిక్కినను కరకరమని వినబడును, కావున ఆట మొదలిడుటకు ముందు పలకను పొడిగుడ్డతో తుడిచికొనవలెను.