రివాల్వర్ చరిత్ర: చౌక సరుకు, గొప్ప పేరు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. దేవాలయాల గురించి, జాతీయోద్యమం గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. సర్వీసులో కొన్నేళ్ళు కలెక్టరేటులో ఆయుధాల లైసెన్సుల ఫైళ్ళు చూసినవాణ్ణి కనుక నేను రివాల్వర్‌ను ఎంచుకున్నాను. ఆ పేరు వినగానే కొందరు ముఖం చిట్లించవచ్చు. కాని నేను చెప్పబోయేది కాల్పుల గురించి కాదు. ఒకే పని చేసే రెండు వస్తువుల్లో ఒకదానికి పీట వేసి, రెండోదాన్ని గుమ్మం బయటే నిలబెట్టే అలవాటు గురించి. హెచ్.ఎం.టి. వాచీ పెట్టుకున్నవాణ్ణి స్విస్ వాచీ పెట్టుకున్నవాడు చూసే చూపు మనం ఎరుగనిది కాదు గదా!

రివాల్వర్ అనగానే మొదట చెప్పుకోవలసిన పేరు అమెరికాకు చెందిన శామ్యూల్ కోల్ట్. 1836లో ఆయనకు అమెరికాలో పేటెంటు వచ్చింది. మొదట పెట్టిన కంపెనీ 1842లో మూతపడింది. 1847లో అమెరికా ప్రభుత్వం వెయ్యి రివాల్వర్లకు ఆర్డరు ఇవ్వడంతో మళ్ళీ నిలదొక్కుకున్నాడు. ఆయన గొప్ప యంత్రనిపుణుడే, కాని అంతకంటే గొప్ప వ్యాపారి. బంగారు నగిషీ చెక్కిన రివాల్వర్లను దేశాధినేతలకు కానుకలుగా పంపేవాడు. ఒట్టోమన్ సుల్తాను అబ్దుల్ మజీద్‌కు ఒకటి ఇచ్చాడు, రష్యా చక్రవర్తికీ ఇచ్చాడు. రాజుల చేతిలో ఉన్న వస్తువు అంటే మామూలు మనిషికి దానిమీద మోజు పుట్టదా? ఈనాడు సినిమా తారలు చేస్తున్న ప్రకటనలకు ఆయన్ని ఆద్యుడనవచ్చు.

ఇందులో ఒక తమాషా ఉంది. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు కోల్ట్ తన సరుకు తీసుకువెళ్ళినప్పుడు, అక్కడి తుపాకీ పనివారి దృష్టిలో అది నాసిరకం. చేత్తో అరగదీసి, ఒక్కొక్క భాగాన్ని కుదిర్చి చేసేదే అసలైన తుపాకీ అని వారి పట్టుదల. యంత్రం మీద వందలకొద్దీ ఒకే కొలతలో తీసేది వారికి వస్తువే కాదు. కోల్ట్ 1853లో లండన్‌లోనే కర్మాగారం పెట్టి, మూడు నాలుగేళ్ళకే మూసుకున్నాడు. అంటే, తరువాతి తరాలు ఏ కోల్ట్ పేరు చెప్పి ఇతరులను చిన్నచూపు చూశాయో, ఆ కోల్టే ఒకప్పుడు గుమ్మం బయట నిలబడినవాడు.

అమెరికాలో కోల్ట్ పేటెంటు 1857 దాకా సాగింది. పోటీకి వచ్చిన మసాచుసెట్స్ ఆర్మ్స్ కంపెనీ మీద 1851లో దావా వేసి గెలిచాడు. తూటాను వెనుకవైపు నుంచి పెట్టే సిలిండర్ మీద రోలిన్ వైట్ అనే ఆయనకు 1855లో పేటెంటు వచ్చింది. దానిని స్మిత్ అండ్ వెసన్ కంపెనీ వారు తీసుకుని, రివాల్వరుకు 25 సెంట్ల చొప్పున ఆయనకు చెల్లించారు. 1869లో ఆ పేటెంటు కూడా ముగిసింది. ఆనకట్ట తెగినట్టు చిన్న చిన్న కర్మాగారాలన్నీ రంగంలోకి దిగాయి. డిఫెండర్, స్వాంప్ ఏంజెల్, ట్రాంప్స్ టెర్రర్ వంటి పేర్లతో చౌక రివాల్వర్లు బజారు నిండా వచ్చాయి. చాలావాటి మీద తయారుచేసినవాడి పేరే ఉండేది కాదు. తమ సరుకు మీద తమకే నమ్మకం లేదన్నమాట! 1948లో ఒక అమెరికన్ తుపాకుల పత్రికలో వీటి మీద వ్యాసం వచ్చింది. ఆ వ్యాసకర్త వీటన్నిటికీ కలిపి ‘సూయిసైడ్ స్పెషల్’ అని పేరు పెట్టాడు. ఇతరులను కాపాడే సంగతి దేవుడెరుగు, వాడినవాడికే ముప్పు అని ఎత్తిపొడుపు.

అయితే చౌక సరుకు అంతా ఆ కోవలోనిది కాదు. నార్వే నుంచి వలస వచ్చిన ఐవర్ జాన్సన్ 1871లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో ఒక భాగస్వామితో కలిసి వ్యాపారం మొదలుపెట్టాడు. తరువాత కర్మాగారాన్ని ఫిచ్‌బర్గ్‌కు మార్చాడు. ఆ కంపెనీ సైకిళ్ళు కూడా చేసేది. 1890ల మధ్యలో వారు తెచ్చిన ‘సేఫ్టీ ఆటోమేటిక్’ రివాల్వర్ పిడి మీద గుడ్లగూబ బొమ్మ ఉండేది. దానిలోని కిటుకు కొంచెం వివరంగా చెప్పాలి.

పాత రివాల్వర్లలో హ్యామర్, అంటే వెనుక ఉండే సుత్తి, నేరుగా తూటా మీద ఆని ఉండేది. కింద పడితే, సుత్తికి దెబ్బ తగిలితే పేలేది. అందుకే తెలిసినవాళ్ళు ఆరు గదుల్లో అయిదింటినే నింపి, సుత్తి కింద గది ఖాళీగా ఉంచేవారు. ఐవర్ జాన్సన్ వారు సుత్తికీ, తూటాను కొట్టే మేకుకూ మధ్య ఎడం ఉంచారు. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినప్పుడు మాత్రమే ఒక చిన్న ఇనుప పలక పైకి లేచి ఆ ఎడాన్ని పూడుస్తుంది. సుత్తి దెబ్బను మేకుకు అందించేది ఆ పలకే. ట్రిగ్గర్ నొక్కకపోతే పలక లేవదు, తుపాకీ పేలదు. దీన్ని చాటడానికి, సుత్తిని సుత్తితోనే బాదుకోండి అని ప్రకటనలు వేశారు. మంచం మీద చిన్నపిల్ల చేతిలో రివాల్వర్ ఉన్న బొమ్మతో కూడా ఒక ప్రకటన వేశారు. ఈనాడు ఆ బొమ్మ చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కిటుకు ఎంత మంచిదైనా దాన్ని చాటుకోవడానికి ఒక హద్దు ఉండవద్దా!

పాపం, ఆ కంపెనీకి చెడ్డపేరు మరో దారిలో వచ్చింది. 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరంలో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ మీద కాల్పులు జరిపిన వ్యక్తి చేతిలో ఉన్నది ఐవర్ జాన్సన్ రివాల్వరే. దాని ఖరీదు నాలుగున్నర డాలర్లు. 1968లో రాబర్ట్ కెన్నెడీని బలిగొన్నదీ ఆ కంపెనీ చౌక రివాల్వరే. ఆ ఏడాదే అమెరికాలో తుపాకుల నియంత్రణ చట్టం వచ్చి, విదేశాల నుంచి వచ్చే చౌక చేతి తుపాకులకు అడ్డుకట్ట పడింది. చౌక రివాల్వర్ అంటే నేరస్థుడి సరుకు అనే ముద్ర గట్టిపడింది. నేరస్థుడికి ఖరీదైనది దొరికితే వద్దంటాడా అని అడిగినవాళ్ళు తక్కువ.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో కోల్ట్ వారు తమ పాత ‘సింగిల్ యాక్షన్’ రివాల్వర్ తయారీ ఆపేశారు. యుద్ధం తరువాత కౌబాయ్ సినిమాల వల్ల దానికి గిరాకీ పెరిగింది. బిల్ రూగర్ 1955లో అదే తీరులో ‘బ్లాక్‌హాక్’ను 87 డాలర్ల 50 సెంట్లకు తెచ్చాడు. కోల్ట్ వారు 1956లో తమది మళ్ళీ మొదలుపెట్టి 125 డాలర్లు పెట్టారు. తరచు విరిగే పలచటి పట్టీ స్ప్రింగుల బదులు రూగర్ చుట్ట స్ప్రింగులు వాడాడు. అయినా తుపాకీ ప్రియులు పెదవి విరిచారు. దానికి వారు చెప్పిన కారణం: అది సమ్మెటతో సాగగొట్టిన ఉక్కు కాదు, పోతపోసినది! ఆ పోత మైనపు అచ్చు కరిగించి పోసేది. మన పంచలోహ విగ్రహాలు తరతరాలుగా పోస్తున్నది ఆ పద్ధతిలోనే. ఆ విరుపులు మనవాళ్ళు వింటే నవ్వుకునేవారు.

రూగర్‌కు నిజమైన చిక్కు వేరే ఉంది. కోల్ట్‌ను అనుసరించి చేసినందువల్ల సుత్తి తూటా మీద ఆనే లోపం కూడా వచ్చింది. ప్రమాదాలు జరిగాయి. 1973లో వారు కొత్త నమూనా తెచ్చి, అందులో ఐవర్ జాన్సన్ తరహా పలకనే పెట్టారు. 1969లో కోల్ట్ కూడా తన ‘మార్క్ త్రీ’ వరుసలో ఆ తరహానే అనుసరించింది. చౌకవాడని తీసిపారేసినవాడి కిటుకు పెద్దింటికి చేరడానికి డెబ్భయి ఏళ్ళకు పైగా పట్టింది! 1982 నుంచి రూగర్ వారు పాత రివాల్వర్లకు ఉచితంగా ఆ భాగాలు అమర్చి ఇస్తామన్నారు. అయినా సేకరణదారులు కొందరు పంపలేదు. అసలు రూపు మారితే ధర పడిపోతుందని వారి భయం. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో ఆలోచింపజేసే ఘట్టం ఇదే.

పేరు చూసి ధర పెట్టేవారిని పూర్తిగా తప్పుపట్టడమూ న్యాయం కాదు. బ్రెజిల్‌లో 1939లో మొదలైన టారస్ కంపెనీ చౌక రివాల్వర్లకు ప్రసిద్ధి. అమెరికాలో ఆ కంపెనీ పిస్టళ్ళు కొన్ని కిందపడితే పేలుతున్నాయని దావా పడి, 2015లో రాజీ కుదిరింది. అవి రివాల్వర్లు కావు, నిజమే. కాని కొనేవాడి అనుమానానికి ఆధారం ఉన్నట్టే గదా. అటువైపు, 1955లో వచ్చిన కోల్ట్ ‘పైథాన్’ పనితనం నిజంగా మెచ్చుకోదగినది. 2005లో ఆగిపోయాక పాతవాటి ధర వేల డాలర్లకు చేరింది. 2020లో 1,499 డాలర్లకు కొత్తది వస్తే, ఇది కంప్యూటర్ యంత్రాల మీద చేసినది, చేతిపని కాదు అని సణిగినవాళ్ళు ఉన్నారు. లండన్‌వాళ్ళు 1851లో అన్నమాటే.

ఇక మన దేశం సంగతి. బ్రిటిషు రోజుల్లో జమీందార్లకు, వేటకు వెళ్ళే అధికారులకు ఇంగ్లీషు తుపాకీ హోదాకు గుర్తు. మద్రాసులో గడియారాలకు పేరుపడ్డ పి. ఆర్ అండ్ సన్స్ పేరుతో కూడా తుపాకులు అమ్ముడుపోయాయి. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ ఆయుధాలు దిగుమతి చేసుకోవడానికి వీలు లేకపోయింది. దాంతో దేశంలో అప్పటికే ఉన్న పాత వెబ్లీలకు, కోల్ట్‌లకు ధరలు లక్షల్లోకి పోయాయి. కాన్పూరులోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ చేసే .32 రివాల్వరుకు మూలం వెబ్లీ నమూనాయే. అయినా దరఖాస్తుదారుల్లో చాలామంది ‘ఫారిన్‌ది దొరకదా సార్?’ అని అడిగేవారు.

ఒక జిల్లాలో నాకు తెలిసిన కుటుంబంలో ఇంటిపెద్ద పోయాక, ఆయన వెబ్లీ రివాల్వరును కొడుకులు బీరువాలో పెట్టి మంచి బేరం కోసం ఎదురుచూశారు. ఏళ్ళు గడిచాయి. లైసెన్సు లేని ఆయుధం ఇంట్లో ఉంచుకున్నందుకు చివరికి పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగారు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం, ఆయుధం దగ్గర ఉంచుకునే హక్కు పోయిన వెంటనే దాన్ని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని డిపాజిట్ చేయాలి. ఆ తరువాత అమ్ముకోవడానికీ, వారసులు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవడానికీ దారి ఉంది. మన సభ్యుల ఇళ్ళలో పాత తుపాకీ ఉంటే ఈ ఒక్క విషయం పిల్లలకు చెప్పి ఉంచండి. 2019 సవరణ తరువాత ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

2014లో కాన్పూరు నుంచి స్త్రీల కోసమని ‘నిర్భీక్’ అనే తేలికపాటి రివాల్వర్ వచ్చింది. బరువు అర కిలో, ధర 1,22,360 రూపాయలు. చవకది అనడానికి నోరు రాదు. 2023లో అక్కడి నుంచే ‘ప్రబల్’ వచ్చింది. ఈమధ్య సంవత్సరాల్లో బర్మింగ్‌హామ్ పేరుమోసిన వెబ్లీ అండ్ స్కాట్ కూడా మన భాగస్వాములతో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లాలో .32 రివాల్వర్ చేయడం మొదలుపెట్టింది. కాన్పూరు అక్కడికి రైల్లో కొద్ది గంటల ప్రయాణం. ఒకే నమూనాకు పుట్టిన ఈ ఇద్దరు పిల్లల్లో దేనిమీద ఎక్కువ ధర పలుకుతుందో పాఠకులు ఊహించగలరు.